ఓపీ చిట్టీ దగ్గరే చిక్కు

దవాఖానల్లో టోకెన్ మిషన్లు, టచ్ స్క్రీన్లు, మెసేజ్‌ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

*మాది నర్సంపేటలో చిన్న ప్రైవేటు దవాఖాన. ఒకే ఫిజీషియన్. పొద్దున 10 నుంచి 2 దాకా ఓపీ, రోజుకు 90 మంది వస్తరు. 10 గంటలకే హాలు నిండిపోతది. టచ్ స్క్రీన్ కియోస్క్ పెడితే రద్దీ తగ్గుతదా?*

తగ్గదు. కియోస్క్ చిట్టీ ఇచ్చే పనిని త్వరగా చేస్తుంది, అంతే. మీ దగ్గర ఆలస్యం చిట్టీ దగ్గర లేదు, డాక్టర్ గది ముందు ఉంది. లెక్క వేసి చూడండి. 90 మందిలో 60 మంది కొత్తవాళ్లు, 30 మంది రిపోర్టు చూపించుకునేవాళ్లు అనుకుందాం. కొత్తవాళ్లకు మనిషికి 4 నిమిషాలు, రిపోర్టుకు 2 నిమిషాలు పడితే మొత్తం 300 నిమిషాలు. అంటే 5 గంటలు. మీ ఓపీ 4 గంటలే. ఆ గంట ఏ స్క్రీనూ తెచ్చివ్వదు.

నర్సు తెస్తుంది. గది బయటే బీపీ, బరువు, జ్వరం, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు ముందే రాసి పెడితే కొత్త పేషెంటుకు ఒక నిమిషం తగ్గుతుంది. 60 మందికి 60 నిమిషాలు, మీకు కావాల్సిన గంట అదే. ఆ తర్వాత గంటల వారీగా చిట్టీలు ఇవ్వండి: గంటకు 13 కొత్తవి, 7 రిపోర్టులవి. 53 నిమిషాలు వాటికి పోగా మిగిలిన 7 నిమిషాలు ఎమర్జెన్సీకి. ఆ ఖాళీ ఉంచకుండా నిండా చిట్టీలిస్తే, పాము కరిచిన కేసు ఒక్కటొచ్చినా మధ్యాహ్నం దాకా వరుసంతా జరుగుతూనే ఉంటుంది. మిగిలే 8 మంది కొత్తవాళ్లను, ఇద్దరు రిపోర్టులవాళ్లను సాయంత్రానికి రమ్మనండి.

రిపోర్టు చిట్టీల వరుస వేరుగా ఉండాలి. రెండు కొత్త నంబర్ల తర్వాత ఒక రిపోర్టు నంబరు పిలవాలి. ఈ ఏర్పాటు లేకనే 'జర ఒక్క కాగితమే చూపిచ్చి వస్త' అంటూ మనుషులు తలుపు దగ్గర గుమిగూడతారు.

కియోస్క్ కొనేముందు రెండు రోజులు, అందులో ఒకటి సోమవారం, ప్రతి చిట్టీ వెనక మూడు టైములు పెన్సిల్‌తో రాయించండి: వచ్చింది, చిట్టీ తీసుకుంది, డాక్టర్ గదిలోకి పోయింది. ఎక్కడ ఆగిపోతున్నారో కాగితమే చెబుతుంది.

*హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. నంబరు దగ్గరికి వస్తే పేషెంటుకు తెలిపే యాప్ మా ప్రాజెక్టు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?*

యాప్‌తో మొదలుపెట్టకండి. ములుగు, భూపాలపల్లి నుంచి బస్సులో వచ్చిన పెద్దమనిషి చేతిలో బటన్ ఫోను ఉంటుంది, చిట్టీ మీద రాయించింది మనవడి నంబరు అయి ఉంటుంది. అందుకని చిట్టీ తీసేటప్పుడే 'ఈ ఫోను ఇప్పుడు మీ దగ్గర ఉందా?' అని అడిగే ఒక బటన్ పెట్టండి. 'లేదు' అంటే మెసేజ్ పంపడం దండగ, మైకులో పిలవాల్సిందే.

మెసేజ్ తెలుగులో పంపితే ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 70 అక్షర స్థానాలే, ఇంగ్లిషులో 160. తెలుగులో గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి: 'న్నా' చూడటానికి ఒక్కటే, లెక్కలో నాలుగు. 'మీ ముందు 5 మంది ఉన్నారు. గది 3 దగ్గరికి రండి.' అన్నది 45. దవాఖాన పేరు చేర్చినా 70 దాటకుండా చూడండి, దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే డీఎల్టీలో, అంటే టెలికాం కంపెనీల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో, నమోదు కావాలి. ఇది చివరికి గుర్తొచ్చి ఆగిపోయే ప్రాజెక్టులు చాలా.

'42 నిమిషాలు ఆగండి' అని చూపకండి. డాక్టర్ వార్డుకు పోతే ఆ అంకె అబద్ధమవుతుంది, ఆపైన మీ స్క్రీను ఏం చూపినా నమ్మరు. 'మీ ముందు 6 మంది' ఎప్పుడూ నిజమే. నంబరును 'నలభై ఏడు, ఫార్టీ సెవెన్' అని రెండు రకాలుగా, రెండుసార్లు పిలవండి. బోర్డు మీద పేరు వేయొద్దు. ప్రసూతి గది ముందో చర్మవ్యాధుల గది ముందో పేరు వెలిగితే ఊళ్లో తెలిసిపోతుంది.

*మాది జగిత్యాల. కియోస్క్ పెట్టి ఆరు నెలలైంది. ఎవరూ ముట్టుకోరు, పక్కన ఒక అటెండర్‌ను నిలబెట్టి ఆయనతోనే నొక్కిస్తున్నం.*

ముందుగా ఆ అటెండర్‌నే అడగండి, జనం ఏ పేజీలో ఆగిపోతున్నారో ఆయనకు తెలుసు. చాలాచోట్ల అది పేరు టైపు చేసే పేజీ. తెలుగు కీబోర్డు మీద 'లక్ష్మి' కొట్టడం చదువుకున్నవాళ్లకే కష్టం. ఆ పేజీ తీసేసి ఫోన్ నంబరు మాత్రం అడగండి, పేరు కౌంటర్‌లో రాసుకోవచ్చు. ఆభా నంబరు (ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు నంబరు) ఉన్నవాళ్లకు 2022లో మొదలైన స్కాన్ అండ్ షేర్ పద్ధతి ఇంకా సులువు: దవాఖానలోని క్యూఆర్‌ను వాళ్ల ఫోనుతో స్కాన్ చేస్తే వివరాలు కౌంటర్‌కు చేరతాయి, టోకెన్ ఫోనుకే వస్తుంది. ఆ నంబరులోని 14 అంకెలు కొట్టే పని ఉండదు.

మొదటి పేజీలో మూడే బటన్లు: కొత్తగా వచ్చారా, పాత చిట్టీ ఉందా, రిపోర్టు చూపించాలా. ఒక్కో బటన్ కనీసం 2 సెంటీమీటర్ల ఎత్తు, పక్కన బొమ్మ, నొక్కగానే మాట వినిపించాలి. బాగా ఎండి కాయలు కాసిన వేలు, తడి వేలు ఆ అద్దం సరిగా గుర్తుపట్టదు. పొలం పని చేసే మనిషి రెండుసార్లు నొక్కి పని కాకపోతే తప్పు తనదే అనుకుని వెనక్కి తగ్గుతాడు. స్క్రీను మీది రాతలో వరుసల మధ్య ఎడం తక్కువైతే వత్తులు తెగుతాయి. 'స్త్రీల వైద్యం' అని రాయించి చూస్తే చాలు, బయటపడుతుంది. అన్నిటికంటే పైనున్న బటన్ నేల నుంచి 120 సెంటీమీటర్లు దాటితే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు అందదు. గుమ్మానికి ఎదురుగా పెడితే పగటి వెలుగులో ఏమీ కనపడదు.

కరెంటు పోయి వచ్చాక నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతున్నాయా? ఒకే నంబరుతో ఇద్దరు కొట్లాడుకునేది అందుకే. చిట్టీ ఇచ్చిన ప్రతిసారీ చివరి నంబరు సేవ్ కావాలి, యూపీఎస్ ప్రింటర్‌కూ రౌటర్‌కూ కూడా ఉండాలి. వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం మీద నంబరు దాకా సరే, మందులు మాత్రం రాయకండి. ఎండకు వెలిసిపోతుంది, శానిటైజర్ తగిలినా, భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించినా నల్లబడుతుంది.

*మంచిర్యాల నుంచి: డాక్టర్ ఐదు పరీక్షలు రాస్తే ఏది ముందు, ఏది తర్వాత అని ఎవరూ చెప్పరు. దీనికి ఏమైనా సాఫ్ట్‌వేర్ ఉందా?*

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బిల్లు కొట్టేచోట నాలుగు నియమాలు చాలు. పరగడుపు రక్తం మొదట. కడుపు స్కానింగ్ కూడా పరగడుపునే కాబట్టి రెండోది. ఆ తర్వాతే టిఫిన్. తినడం మొదలుపెట్టిన టైము చిట్టీ మీద రాయాలి, దానికి సరిగ్గా 2 గంటలకు రెండో షుగర్ పరీక్ష. ఎక్స్‌రే, ఈసీజీ ఆ మధ్య ఖాళీలో. బిల్లులో ఏ వరుసలో ఉన్నా చిట్టీ మీద ఈ వరుసలోనే, గది నంబరుతో అచ్చు కావాలి. ఈ క్రమం తప్పి ముందే టిఫిన్ తిన్న మనిషి స్కానింగ్ కోసం మర్నాడు మళ్లీ బస్సెక్కుతాడు. మూత్రాశయం నిండి ఉండాల్సిన స్కానింగ్ అయితే 'నీళ్లు తాగండి, మూత్రానికి వెళ్లకండి' అని అదే చిట్టీ మీద రావాలి.

*ముఖం బొమ్మలు నొక్కి అభిప్రాయం చెప్పే ట్యాబ్ పెట్టొచ్చా? (పరకాల)*

పెట్టొచ్చు, కానీ కౌంటర్ మీద కాదు. సిబ్బంది చూస్తుంటే అందరూ నవ్వు బొమ్మే నొక్కుతారు. మందుల షాపు దాటాక, బయటికి పోయే దారిలో గోడకు పెట్టి ఒకే ప్రశ్న అడగండి: 'మందులు ఎట్లా వేసుకోవాలో అర్థమైందా?'