టాసిటర్న్ అంటే మితభాషేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ విశేషణం ‘టాసిటర్న్’కు నిఘంటువులో ‘మితభాషి’ అన్న అర్థం చూశాను. మా నాన్నగారు నిజంగానే మితభాషి. ఆయన పదవీ విరమణ సభలో చదవడానికి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ పదం వాడవచ్చునా? సైలెంట్, రెటిసెంట్ అనే మాటలకూ దీనికీ తేడా ఏమిటి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిఘంటువు చెప్పిన అర్థం తప్పు కాదు గానీ, సన్మాన సభకు ఆ పదం నప్పదు. మనం ఒకరిని మితభాషి అన్నామంటే, ఆచితూచి మాట్లాడతారనీ, అనవసరంగా నోరు జారరనీ మెచ్చుకుంటున్నట్లే. టాసిటర్న్‌లో ఆ మెప్పు లేదు. పలకరించినా ఒకటి రెండు మాటలతో సరిపెట్టి, ఎవరితోనూ చొరవగా కలవని స్వభావాన్ని అది సూచిస్తుంది కాబట్టి, మీ నాన్నగారు ముభావంగా ఉండే మనిషని సభలోని వారికి తోచవచ్చు. దానికి బదులు ‘ఎ మ్యాన్ ఆఫ్ ఫ్యూ వర్డ్స్’ అని రాయండి. అందులో మర్యాద ఉంది.

సైలెంట్ అన్నది ఆ సమయానికి సంబంధించిన మాట. వసపిట్టలా వాగే పిల్లవాడు కూడా హెడ్మాస్టరు గదిలో సైలెంట్‌గా నిలబడతాడు. అంతమాత్రాన వాడు టాసిటర్న్ కాడు. రెటిసెంట్ అంటే మనసులోని సంగతులు, ముఖ్యంగా సొంత విషయాలు, సులభంగా బయటపెట్టని గుణం. ‘హీ ఈజ్ రెటిసెంట్ అబౌట్ హిజ్ ఇన్‌కమ్’ అన్న వాక్యంలోని వ్యక్తి తన ఆదాయం సంగతి తప్ప మిగతావన్నీ గలగలా చెప్పేవాడే కావచ్చు. టాసిటర్న్ మనిషి మొత్తం తీరును చెబుతుంది కాబట్టి, దాని తరువాత ఇలా ‘అబౌట్’ చేర్చరు.

1933లో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ అచ్చంగా టాసిటర్న్. గంటకు ఒక్క మాట మాట్లాడితే దానిని ఒక ‘డిరాక్’గా లెక్కించాలని కేంబ్రిడ్జ్‌లో సహచరులు సరదాగా ఒక కొలమానమే పెట్టుకున్నారు. డచ్చివారి స్వాతంత్ర్య పోరాటాన్ని నడిపిన విలియం (1533–1584) సంగతి వేరు. ఇంగ్లిష్‌వారు ఆయనను ‘విలియం ద సైలెంట్’ అంటారు; ఫ్రెంచివారు ఆయన పేరుకు టాసిటర్న్‌కు సమానమైన తమ మాటనే చేర్చారు. నిజానికి ఆయన కలుపుగోలు మనిషి, మాటకారి. ప్రొటెస్టెంట్లను అణచివేసే పథకం గురించి ఫ్రాన్స్ రాజు తన వద్ద బయటపడినప్పుడు, ఏమీ పైకి తేలనీయక ఊరుకున్నందుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ కథ ప్రకారం చూస్తే, నేటి ఇంగ్లిష్‌లో ఆ మౌనానికి తగిన మాట రెటిసెంట్.

టాసిటర్న్‌కు మూలం మౌనంగా ఉండడమనే అర్థం గల లాటిన్ క్రియ. ‘టాసిట్’ కూడా అక్కడి నుంచే వచ్చినా, దానిని ఎక్కువగా పైకి చెప్పకుండానే కుదిరిన అంగీకారం వంటి వాటికి వాడతారు. మితభాషిని టాసిట్ అనరాదు.