మీవారు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ డైరీలోనే ఉంది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. పెద్దపాప మూడో తరగతి, బాబు యూకేజీ. మాది ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబం. పోయిన తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు రోజుల్లో) మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, జరిగిన వడకంలో (ధ్యానకూటంలో) ఫాదర్‌గారు పునీత 23వ యోహాను పాపుగారి (పోప్) గురించి చెప్పారు. ఒక సిస్టర్ దగ్గర ఆయన డైరీ పుస్తకం తెచ్చుకుని సగం దాకా చదివాను. ఆయనలా బతకాలని నోట్‌బుక్‌లో నియమాలు రాసుకున్నాను. నాలుగింటికి లేచి గంట ధ్యానం, రోజూ చర్చికెళ్లి పొద్దుటి పూజ, జపమాల పదిహేను దేవరహస్యాలు (ఒక్కో రహస్యానికి పది పూసలు). ఎప్పుడు మొదలుపెట్టినా పట్టుమని పది రోజులు సాగట్లేదు. పిల్లల క్యారేజీల పని మా అత్తగారి మీద పడింది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పోయిన వారం జపమాల మధ్యలో కునుకు తీస్తోందని పెద్దపాప వీపు మీద ఒకటి వేశాను. మావారు, "మీ పాపుగారికి పిల్లలున్నారా? పొద్దున్నే క్యారేజీలు కట్టారా?" అన్నారు. పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) ప్రతిసారీ అవే పాపాలు చెప్పాలంటే సిగ్గేస్తోంది. నాది దొంగ భక్తా? ఇవన్నీ మానేయమంటారా?

జవాబు: మానేయొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేశాను, ఇక నిదానంగా మాట్లాడుకుందాం.

మీవారి మాట మీకు గుచ్చుకుంది. కానీ ఆయన అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు మీరు చదువుతున్న డైరీలోనే ఉంది. 1903 జనవరిలో రాసుకున్న పేజీ వెతకండి. అప్పటికి ఆయన పాపుగారు కాదు, గురువు (ఫాదర్) కూడా కాదు. ఆంజెలో రొంకాలి అనే 21 ఏళ్ల కుర్రాడు, రోమ్‌లో గురువిద్యార్థి. అచ్చం మీలాగే ఒక పునీతుణ్ణి ఎదురుగా పెట్టుకున్నాడు, 16వ శతాబ్దపు ఇటలీ యువ పునీతుడు అలోషియస్ గొంజాగాని. ఆయన చేసినవన్నీ అలాగే చేయబోయాడు, కుదరక కుంగిపోయాడు. చివరికి ఆ పేజీలో ఒక నిర్ణయానికొచ్చాడు. పునీతుల దగ్గర సారం తీసుకోవాలి గానీ వాళ్ల పైపై అలవాట్లు కాదని, తాను అలోషియస్ కాడని, ఆ పునీతుడే తన స్థితిలో ఉండుంటే వేరే దారిలో పునీతుడయ్యేవాడని.

ఇది చదివినప్పుడల్లా నాకు మా అమ్మ చీరలు గుర్తొస్తాయి. అమ్మ చీర కూతురు కట్టుకోవచ్చు. జాకెట్టు మాత్రం ఎవరి కొలతకి వాళ్లు కుట్టించుకోవాల్సిందే. మీరు జాకెట్టు కూడా పాపుగారిదే తొడుక్కోబోయారు.

ఆ పదిహేను దేవరహస్యాల సంగతే చూడండి. 1958 మొదలు నుంచి జపమాల రోజూ పూర్తిగా చెప్పాలని ఆయన నియమం పెట్టుకున్న మాట నిజమే. అప్పటికి ఆయనకి 76 ఏళ్లు, వెనీసులో కార్డినల్. వంటా, బడి బస్సూ ఆయన చూసుకోనక్కర్లేదు. చిన్నప్పుడు ఆయనకి భక్తి ఎక్కడ పట్టుబడిందో కూడా చూడండి. ఇటలీలో బెర్గమో దగ్గర పల్లెటూళ్లో, కౌలు రైతుల ఇంట్లో, బోలెడంత మంది పిల్లల మధ్య. తాత వరసయ్యే జవేరియో తనకి మొదటి పాఠాలు నేర్పారని ఆయనే చెప్పుకునేవారు. మీ పాపకి ఆ జవేరియో తాత స్థానంలో ఉన్నది మీరు.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది నియమాలు తప్పడం కాదు, ఆ దెబ్బ. పగలంతా బడిలో ఉండి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల, మోకాళ్ల మీద కూర్చుని, పూసలు పట్టుకునే కునికింది. దానికి దెబ్బ పడింది. నాలుగుసార్లు ఇలాగే జరిగితే జపమాల చూస్తే దానికి మరియమాత గుర్తురాదు, వీపు గుర్తొస్తుంది. పాప దగ్గర కూర్చుని, "ఆ రోజు కొట్టాను, తప్పు నాదే నాన్నా" అని చెప్పండి. పిల్లల ముందు చిన్నబోతామని అనుకోకండి. తప్పు ఒప్పుకోవడం ఎలాగో పాప మీ దగ్గరే చూస్తుంది.

రాత్రి జపమాల ఇంటిల్లిపాదీ కలిసి పది పూసలే చెప్పండి. అదీ అన్నాలకి ముందు, నిద్ర ముంచుకు రాకముందు. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. ఐదారు నిమిషాల పని. ఎవరికోసం చెప్పుకోవాలో పిల్లల్నే అడగండి. బాబు పక్కింటి కుక్కపిల్ల కోసం అంటే దాని కోసమే. మిగతా పూసలు మీరు బస్సులోనో, బట్టలు మడతపెడుతూనో చెప్పుకోండి. కుదరని రోజు వదిలేయండి. నాలుగింటికి లేవడం ఆపేయండి. నిద్ర చాలకే మీకు సగం కోపాలు వస్తున్నాయని నా నమ్మకం. రోజూ పూజ కూడా ఇప్పుడు వద్దు. ఆదివారం కాక వారంలో ఒక్కరోజు చాలు. ఆ రోజు క్యారేజీలు కట్టమని మీవారిని అడగండి, అత్తగారిని కాదు. ఆర్డర్ వేసినట్టు కాకుండా, "మీరన్నది నిజమేనండీ, నేనే తొందరపడ్డాను, ఈ ఒక్కరోజుకి సాయం చేయండి" అని. అలా అడిగితే ఆయన కాదనరనే నాకనిపిస్తోంది. అత్తగారికి కూడా ఒక మాట చెప్పండి, పాపం ఆవిడ ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

ఇక అవే పాపాలు మళ్లీ మళ్లీ చెప్పడం గురించి. ఆ డైరీ ఆయన 14 ఏళ్లప్పుడు మొదలుపెట్టి చివరిదాకా రాశారు. అందులో ఎక్కువగా మాట్లాడాననీ, ప్రార్థనలో మనసు ఎటో పోయిందనీ ఎన్నిసార్లు రాసుకున్నారో చూశారా? పాపుగారయ్యాక కూడా వారం వారం పాపసంకీర్తనం చేసేవారు. 2014లో తిరుసభ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. ఆ డైరీలో ఆ తప్పులన్నీ అలాగే ఉన్నాయి, ఎవరూ చెరిపేయలేదు. దొంగ భక్తి ఉన్నవాళ్లకి సిగ్గేయదమ్మా, మీకు వేస్తోంది. ఫాదర్లను మార్చకుండా ఒక్కరి దగ్గరికే వెళ్లండి. కొన్నాళ్లకి మీ మనసు ఆయనకి అర్థమవుతుంది. పాపసంకీర్తనం తర్వాత కూడా క్షమాపణ దొరకలేదేమో అన్న టెన్షన్ రోజుల తరబడి వదలకపోతే ఆ మాటా ఆయనకి చెప్పండి. నిద్ర కూడా పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోవడంలో తప్పేం లేదు.

ఆయన సారం ఏమిటని అడుగుతారేమో. నాకు తెలిసినంతలో, ఆయన మనుషుల దగ్గరికి వెళ్లేవారు. 1958 అక్టోబరులో పాపుగారయ్యారు. ఆ క్రిస్మస్‌కే రోమ్‌లో పిల్లల ఆసుపత్రికి, మర్నాడు జైలుకి వెళ్లారు. మీరు నా దగ్గరికి రాలేరు కదా, అందుకే నేనే వచ్చానని ఖైదీలతో అన్నారు. 1962 అక్టోబరు 11న రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ బిషప్పుల సమావేశం) మొదలైన రాత్రి, దీపాలు పట్టుకుని చేరిన జనంతో కిటికీలోంచి మాట్లాడారు. అప్పటికే ఆయన కడుపులో క్యాన్సర్ ఉంది, ఎనిమిది నెలల్లో చనిపోయారు. ఆ రాత్రి జనానికి ఆయన ఒక పని అప్పజెప్పారు. ఇంటికెళ్లి మీ పిల్లల తల నిమరండి, ఇది పాపుగారు నిమిరినట్టని చెప్పండి అని.

నియమాల నోట్‌బుక్ కొన్నాళ్లు బీరువాలో పెట్టండి. ఈ రాత్రి పెద్దపాప పడుకునేటప్పుడు దాని తల నిమిరి, ఎవరు చెప్పి పంపారో చెప్పండి. అదేమందో నాకు రాయండి.