బొమ్మ కనిపించకుండా కళాచరిత్ర వినడం దండగా?

రాజకీయ చరిత్ర, కళాచరిత్ర పుస్తకాలను ఆడియోలో వింటే బుర్రకెక్కుతాయా, ముఖ్యంగా బొమ్మలు చూడకుండా కళ గురించి విని ఏం లాభం అని అడిగారు. నేను మియాపూర్ నుంచి మలక్‌పేటకు రోజూ మెట్రోలో వెళ్తాను. నాలుగేళ్లుగా దారిలో వినేది ఇవే. మీరు సందేహపడుతున్న కళాచరిత్రే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

రాజకీయాల పుస్తకం మనుషుల వెంట నడిస్తే చక్కగా వినొచ్చు. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష, 1952 డిసెంబర్ 15న మరణం, నాలుగు రోజులకే నెహ్రూ ప్రకటన, ఇవన్నీ స్కూల్లో బట్టీ పట్టినవే. కానీ ఆ దీక్షను రోజు తర్వాత రోజుగా ఒక గొంతు చెబుతుంటే ఆ రోజు కడుపులో దేవినట్టయింది. అసెంబ్లీ స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

అదే పుస్తకం కమిషన్ల దగ్గరికి వచ్చేసరికి చెవి చేతులెత్తేసింది. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో ఎన్నికలు జరిగాక, ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపొచ్చంది. ఈ ఒక్క ముక్క కోసం మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఇలాంటి భాగాలకు పుస్తకం చేతిలో ఉండాల్సిందే. ఇంగ్లిష్ ఆడియోల్లో మన ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు విరిచి పలకడం ఇంకో బాధ. మన వాళ్ల గురించే చెబుతున్నా ఎవరో పరాయి వాళ్ల కథలా ఉంటుంది.

కళాచరిత్ర సంగతి వేరు. బొమ్మ ముందుంటే మనం చూసేశాం అనుకుని పేజీ తిప్పేస్తాం. వినేటప్పుడు ఆ వీలు లేదు, చెప్పేవాళ్లు ఎటు చూపిస్తే మన మనసు అటే వెళ్తుంది. పాలరాతిలో పల్చటి ముసుగు ఎలా చెక్కుతారో ఒక అధ్యాయంలో విన్నాను. రాయి ఎక్కడా పారదర్శకం కాదు. గుడ్డ చర్మానికి అంటుకున్న చోట నున్నగా పాలిష్ పెడతారు, ముడత లేచిన చోట సన్నటి గట్టు వదులుతారు. ఆ గట్టు నీడ చూసి మన కన్నే లోపల ముఖం ఉందని అనుకుంటుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. రెబెకా అంటే బైబిల్ కథలో కాబోయే భర్త ఎదురొస్తుంటే ముసుగు వేసుకున్న పెళ్లికూతురు. ఆ అధ్యాయం విన్న ఆదివారమే మళ్లీ వెళ్లాను. గంట కొట్టే గడియారం దగ్గరికి జనమంతా వెళ్లాక విగ్రహం చుట్టూ నెమ్మదిగా తిరిగాను. ఒక పక్కకు జరిగితే ముసుగు, ఇంకో పక్కకు జరిగితే ముఖం. ముక్కు మీద నుంచి గడ్డం దాకా దిగే ఒక్క ముడతను చూస్తూ అరగంట నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ రెండు నిమిషాలు దాటింది లేదు.

మీరు మొదలుపెట్టేటట్టయితే రాజకీయం, కళ రెండూ కలిసిన పుస్తకం చూసుకోండి. అజంతా కథే ఉంది. ఆ గుహలు అప్పట్లో నిజాం ఏలుబడిలోవి. గులాం యజ్దానీ నడిపిన పురావస్తు శాఖ ఉండేది, నిజాం సర్కారు 1920ల్లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. బొమ్మలను కాపాడదామని వాళ్లు పూసిన లక్క వార్నిష్ తర్వాత పసుపెక్కి, అసలు రంగులనే కమ్మేసింది. డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది, నష్టం ఎవరికి, అన్నీ అందులోనే ఉన్నాయి.

రాజకీయాలైతే 1.25 స్పీడ్‌లో పెట్టినా ఇబ్బంది లేదు. కళ గురించి మాత్రం మామూలు వేగంలోనే వినండి. విన్నాక రెబెకాను చూడాలనిపిస్తే ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే, శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు.