టమాటా మొక్కకు కర్ర కంటే కట్టు ముఖ్యం

మేడ మీద కుండీల్లో పెంచుతున్న టమాటా మొక్కలు కాయలు పట్టగానే ఒరిగిపోతున్నాయనీ, వాటికి వెదురు కర్ర పాతాలా, ఇనుప పంజరం కొనాలా అనీ మీరు అడిగారు. మొక్క ఎత్తుకు తగినదైతే ఊతం ఏదైనా ఫరవాలేదు కానీ, మొక్కను దానికి దేనితో కడుతున్నారు, ఎలా కడుతున్నారు అన్నదే అసలు సంగతి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాది తెనాలి. 2023 అక్టోబరు మొదట్లో మేడ మీద పది మొక్కలు నాటి, ఒక్కొక్క దానికి ఐదడుగుల సరుగుడు కర్ర పెట్టి, ఆ కర్రలన్నిటినీ పిట్టగోడ వెంట అడ్డంగా కట్టిన వెదురుకు బిగించాను. ఇంట్లో ఉన్న నైలాన్ తాడు ఆరు మొక్కలకే సరిపోవడంతో, మిగిలిన నాలుగింటినీ మా అమ్మ తన పాత నేత చీరను పేలికలుగా చింపి కట్టింది. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మరునాడు ఉదయం మేడ ఎక్కి చూస్తే కర్ర ఒక్కటీ పడలేదు. కానీ నైలాన్ తాడుతో కట్టిన ఆరింటిలో నాలుగు మొక్కలు సరిగ్గా ముడి ఉన్నచోటే విరిగి, పచ్చికాయల గుత్తులతో సహా తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. కాండం లావెక్కినకొద్దీ తాడు లోపలికి దిగబడి, చుట్టూ గాడి పడి, ఆ గాడి అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉన్నాయి. ఆ కోత తుఫానుకు ఎన్నో రోజుల ముందే మొదలైందన్నమాట. చీర పేలికలతో కట్టిన నాలుగింటికీ ఆకులు చిరిగిపోయాయి గానీ కాండం చెక్కుచెదరలేదు.

మా అమ్మ పుట్టిల్లు పొన్నూరు వైపు. ఆ ప్రాంతపు తమలపాకు తోటల్లో తీగను అవిసె చెట్టుకు జమ్ము అనే నీటిగడ్డి ఆకుతో కడతారు. వెడల్పుగా, మెత్తగా ఉండే జమ్ము లేత తీగను కొయ్యదు. తీగ ఎగబాకేకొద్దీ పైన మళ్లీ కొత్త కట్టు వేస్తూ పోతారు. చిన్నప్పటి నుంచి ఆ పని చూస్తూ పెరిగింది కనుకనే అమ్మ తాడు కోసం వెతకకుండా బట్ట అందుకుంది.

కాబట్టి నారు నాటిన రోజే కర్ర పాతండి, ఎందుకంటే మొక్క ఎదిగాక పాతితే వేళ్లు తెగుతాయి. కుండీలో మట్టి లోతు తక్కువ కనుక ఒంటి కర్ర నిలవదు. పిట్టగోడకైనా కట్టాలి, లేదా మూడు కర్రలను పైన కలిపి ముక్కాలిపీటలా నిలపాలి. రెండు వేళ్ల వెడల్పున్న నూలు గుడ్డను ముందు కర్రకు గట్టిగా ముడివేసి, తర్వాత ఎనిమిది అంకెలా మెలితిప్పి, కాండం చుట్టూ వేలు దూరేంత వదులుగా కట్టండి. కట్టు ఆకు తొడిమ కిందికి రావాలి. పూలగుత్తి కింద వేస్తే కాయల బరువుకు గుత్తి దానికి ఒరుసుకుని తెగిపోతుంది. మొక్క జానెడు పెరిగినప్పుడల్లా ఇంకొక కట్టు వేయాలి.

విత్తనాల పొట్లాల మీద కాయ బొమ్మ అంత పెద్దదిగా అచ్చువేసేవారు, ఆ మొక్క పొదలా రెండు మూడడుగుల దగ్గర ఆగుతుందో, తీగలా ఆరడుగులు దాటుతుందో ఒక్క ముక్క రాయకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పొద రకానికి పంజరం చక్కగా సరిపోతుంది. తీగ రకానికి దుకాణాల్లో దొరికే పొట్టి పంజరం కొంటే నెలన్నరకే మొక్క దాన్ని దాటిపోయి, అంచు మీద విరిగి పడుతుంది. అది తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నది మనలాంటి కొత్తవాళ్లే.

మీ మొక్కలు ఇప్పటికే ఒరిగి ఉంటే బలవంతంగా నిటారుగా లేపకండి. నైలాన్ కట్టినవాటిలో విరగకుండా మిగిలిన రెండింటిలో ఒకటి కుండీ మట్టి మీదికి వంగిపోతే, నేలకు ఆనిన కాండం మీద గుప్పెడు మట్టి కప్పి, కొసను మాత్రం గుడ్డతో కర్రకు కట్టాను. కప్పినచోట కొత్త వేళ్లు పుట్టి, ఆ మొక్క ఫిబ్రవరి చివరిదాకా కాసింది.