షేర్‌పాయింట్ సపోర్ట్‌లో వేశారని ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈలో బీటెక్ పూర్తిచేసి ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో ఓ ఐటీ కంపెనీలో చేరింది. ట్రైనింగ్‌లో జావా నేర్పించి, తీరా ప్రాజెక్టు షేర్‌పాయింట్ సపోర్ట్‌లో ఇచ్చారట. ‘ఇది డెవలపర్ పని కాదు నాన్నా, ఫోల్డర్లకు తాళాలు తీసే పని’ అని ఫోన్‌లో ఏడుస్తోంది. రిజైన్ చేసి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేరతానంటోంది. ఏం చెప్పమంటారు? - ఓ తండ్రి, తెనాలి

జవాబు: కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. రాజీనామా కూడా ఆపమనండి. అలాగని ‘దొరికిన ఉద్యోగం వదులుకోకమ్మా’ అని సర్దిచెప్పి ఊరుకోవద్దు. తను చెప్పేదాంట్లో సగం నిజముంది.

ముందు ఆ షేర్‌పాయింట్ ఏమిటో మీకు చెప్పాలి. పాత ఆఫీసుల్లో రికార్డు రూమ్, ఇన్‌వార్డు రిజిస్టర్, ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు కదిలే ఫైలు ఉండేవి కదా. అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కితే షేర్‌పాయింట్. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చింది. ఇప్పుడు ఆఫీసుల్లో చాట్‌కు, మీటింగ్‌లకు అందరూ వాడే టీమ్స్‌లో, ఛానల్‌లో పెట్టిన ఫైలు నిజానికి వెళ్లి కూర్చునేది షేర్‌పాయింట్‌లోనే. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ రేపే మూలనపడుతుందన్న భయం అక్కర్లేదు.

ఇక తాళాల సంగతి. ‘నాకు ఈ ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, పర్మిషన్ ఇవ్వండి’ అనే టికెట్లు ఏ సపోర్ట్ టీమ్‌లోనైనా కుప్పలుగా వస్తాయి. కొత్తగా చేరినవాళ్ల నెత్తినే పడతాయి. ఏడాదంతా అవే మూస్తూ కూర్చుంటే మీ అమ్మాయి మాటే నిజమవుతుంది. కానీ అదే కుప్పలో అప్పుడప్పుడూ ఇంకో రకం టికెట్ తగులుతుంది.

ఒకటి చెప్తాను. ఉద్యోగుల లీవ్ అప్లికేషన్ల లిస్టు రెండేళ్లుగా చక్కగా నడుస్తుంది. ఒక సోమవారం పొద్దున ఎవరు తెరిచినా ఎర్రర్. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, సర్వర్ బాగానే ఉంది. జరిగిందల్లా ఒకటే, లిస్టులో ఐటెమ్‌లు, అంటే వరుసలు, 5000 దాటాయి. ఒక లిస్టులో మూడు కోట్ల ఐటెమ్‌ల దాకా దాచుకోవచ్చు గానీ, ఒక్క దెబ్బకు 5000కు మించి వెతకబోతే షేర్‌పాయింట్ ఒప్పుకోదు. ఎందుకంటే అడుగున ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్. ఒకే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) దాదాపు 5000 వరుసలకు లాక్ వేస్తే, అది మొత్తం టేబుల్‌కే తాళం వేసేస్తుంది. ఆ టేబుల్‌లో మిగతా డిపార్ట్‌మెంట్ల లిస్టులూ ఉంటాయి, వాళ్ల పనీ ఆగిపోతుంది. అందుకే ముందే గీత గీశారు. ఇది తెలియనివాళ్లు పాతవి డిలీట్ చేయమని టికెట్ మూసేస్తారు. తెలిసినవాళ్లు తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (పుస్తకం వెనక సూచిక లాంటిది) పెట్టి, వ్యూలో (లిస్టు కనిపించే తెరలో) ముందు దాని మీదే ఫిల్టర్ వేసి, 5000 లోపే దొరికేలా చేస్తారు. ఈ రెండో పని చేసిన అమ్మాయి డేటాబేస్ లాకింగ్ గురించి పుస్తకంలో చదివినదానికంటే ఎక్కువ నేర్చుకున్నట్టే. రేపు జావా ప్రాజెక్టులోకి వెళ్లినా అది వెంటే వస్తుంది.

కాలమ్ పేర్లదీ ఇలాంటి తంటానే. ‘అప్రూవర్’ అని పెట్టిన కాలమ్‌ను హెచ్‌ఆర్ వాళ్లు ‘మేనేజర్’ అని మారుస్తారు. కొత్త డెవలపర్ కోడ్‌లో ‘మేనేజర్’ అని రాస్తే ఏమీ దొరకదు. పైకి కనిపించే పేరే మారింది, లోపలి పేరు పుట్టినప్పటిదే. స్కూలు రిజిస్టర్‌లో ఏ పేరున్నా ఇంట్లో వాళ్లకు చంటిగాడు చంటిగాడే కదా!

అందుకే రాజీనామా మాట ఎత్తేముందు తనను ఒకటి అడగండి: వాళ్ల క్లయింట్‌ది సొంత సర్వర్ మీద నడిచే షేర్‌పాయింటా, మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీద నడిచే ఆన్‌లైన్‌దా? సొంత సర్వర్ అయితే ఎర్రర్ పేజీలో కొరిలేషన్ ఐడీ అని ఓ పొడుగాటి నంబర్ వస్తుంది. దాన్ని పట్టుకుని సర్వర్‌లోని యూఎల్‌ఎస్ లాగ్స్‌లో (షేర్‌పాయింట్ ఏం జరిగిందో రాసుకునే డైరీలో) వెతికితే అసలు తప్పు బయటపడుతుంది. లాగ్ చదవడం రావాలంటే దీన్ని మించిన బడి లేదు. కాకపోతే 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ గడువు 2026 జులై 14 అని ఎప్పుడో ప్రకటించారు. పాత పద్ధతిలో కట్టిన వర్క్‌ఫ్లోలు, ఫారాలు కొత్తవాటిలోకి మార్చే పని చాలా కంపెనీలకు ఉంది. ఆ మైగ్రేషన్ టీమ్‌లో వేయమని మేనేజర్‌ను అడగాలి. నోరు విప్పి అడగందే ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఆన్‌లైన్ అయితే ఇంకా మంచిది. 2017లో షేర్‌పాయింట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చాక కస్టమైజేషన్ చాలావరకు టైప్‌స్క్రిప్ట్, రియాక్ట్‌తోనే. అవి బయట ఏ వెబ్ డెవలపర్ అయినా వాడేవే. వీటికి గ్రాఫ్ ఏపీఐ, పవర్‌షెల్, పవర్ ఆటోమేట్ లాంటి మైక్రోసాఫ్ట్ పనిముట్లు కలిస్తే రెజ్యూమేలో ‘సపోర్ట్’ అన్న మాట చిన్నదైపోతుంది. ఇక్కడ సర్వర్ లాగ్స్ మన చేతికి రావు కాబట్టి బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడటం అలవాటు కావాలి. అక్కడ 429 అనే ఎర్రర్ నంబర్ కనిపిస్తే కోడ్ తప్పుకాదు, మరీ గబగబా అడుగుతున్నామని అర్థం. కాస్త ఆగి మళ్లీ అడగాలి. నా దగ్గరికి వచ్చిన ఓ కుర్రాడు దీనికోసం రెండు రాత్రులు నిద్రపోకుండా కోడ్ తిరగరాశాడు, పాపం.

ఇంకో ఆరు నెలలు గడువు పెట్టుకోండి. ఈలోగా తను స్వయంగా కారణం కనిపెట్టిన టికెట్లు పది, రాసిన వెబ్ పార్ట్ (షేర్‌పాయింట్ పేజీలో అమర్చే చిన్న ప్రోగ్రామ్) ఒక్కటైనా ఉండాలి. అడిగినా ఆ పని ఇవ్వకపోతే అప్పుడు మారొచ్చు, అదీ చేతిలో ఇంకో ఆఫర్ పెట్టుకుని. సర్వీస్ బాండ్ మీద సంతకం పెట్టిందేమో ఈలోపు ఆ కాగితాలు ఓసారి మీరూ చదవండి.

డేటా సైన్స్ మీద నిజంగా మనసుంటే దానికీ అమీర్‌పేటే అక్కర్లేదు. మేనేజర్ అనుమతి తీసుకుని, ఆఫీస్ కంప్యూటర్‌లోనే, గత ఏడాది టికెట్లన్నీ ఎక్సెల్‌లోకి దించి ఏ సమస్య ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్క తీయమనండి. ఆ పని సరదాగా అనిపిస్తే ఫీజు సంగతి అప్పుడు మాట్లాడదాం.