చివరి మజిలీలోనే మోకాలు ఎందుకు మొరాయించింది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మేము గుత్తికి చెందిన నలుగురు మిత్రులం. గత శివరాత్రికి గుత్తి నుంచి శ్రీశైలానికి కాలినడకన బయలుదేరి, రాత్రుళ్లు గుడి ఆవరణల్లోనూ పంట కోసిన చేలల్లోనూ చిన్న గుడారాలు వేసుకొని పడుకుంటూ, ఐదు రోజుల్లో కర్నూలు చేరాము. అక్కడి దాకా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇంకెంత దూరమన్న ధీమాతో కర్నూలు నుంచి రెండే రోజుల్లో ఆత్మకూరు చేరాము. ఆ రాత్రే నా కుడి మోకాలు బయటి వైపు పట్టేసింది. మరునాడు పది అడుగులు కూడా వేయలేక, మిత్రులను అడవి దారిన సాగనంపి, నేను దోర్నాల మీదుగా బస్సులో వెళ్లి మల్లన్నను దర్శించుకున్నాను. ఆ వెలితి ఇంకా తీరలేదు. ఈ సంవత్సరం మళ్లీ బయలుదేరుతున్నాము. చివరి రెండు రోజుల్లోనే ఇలా ఎందుకు జరిగింది? అడవిలో మా గుడారాలు వేసుకోవచ్చునా? ఆత్మకూరులో సామాను వదిలేసి తేలికగా వెళ్లమని కొందరు చెబుతున్నారు; అది మంచిదేనా? సిగ్గు విడిచి ఇంకొక మాట అడుగుతున్నాను. ఆ చివరి రోజుల్లో నాకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఇరవై ఏళ్ల స్నేహితుడితో ఒక అగ్గిపెట్టె కోసం గొడవపడ్డాను.
— ఒక పాఠకుడు, గుత్తి

సమాధానం: ముందుగా మీ ఉత్తరంలోని లెక్కనే చూద్దాము. గుత్తి నుంచి కర్నూలుకు డోన్ మీదుగా సుమారు 95 కిలోమీటర్లు. దానిని మీరు ఐదు రోజుల్లో నడిచారు కనుక రోజుకు 19 కిలోమీటర్లు పడింది. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరుకు సుమారు 70 కిలోమీటర్లు. దానిని రెండు రోజుల్లో ముగించారంటే రోజుకు 35 కిలోమీటర్లు నడిచారన్న మాట. అలవాటైన దూరాన్ని ఒక్కసారిగా దాదాపు రెట్టింపు చేసి, అదీ ఒళ్లు అలసి ఉన్న ఆరో రోజున చేసి, మోకాలిని తప్పు పట్టడం న్యాయం కాదు.

ఐదు రోజులు నడిచాక ఊపిరి కుదుటపడుతుంది, పిక్కల నొప్పులు తగ్గుతాయి, ఎంత దూరమైనా పోగలమన్న నమ్మకం కలుగుతుంది. ఊపిరి, కండరాలు కొత్త శ్రమకు త్వరగా అలవాటుపడతాయి గాని, కండరాలను ఎముకకు పట్టి ఉంచే నరాల వంటి కట్లు, ఎముకలు అలవాటుపడటానికి వారాలు, నెలలు పడుతుంది. అందుచేత మనసుకు బలం వచ్చిందనిపించే రోజుకూ కీళ్లకు నిజంగా బలం వచ్చే రోజుకూ మధ్య పెద్ద ఎడం ఉంటుంది. నడకయాత్రలో దెబ్బలు ఎక్కువగా ఆ ఎడంలోనే తగులుతాయి.

కుడి మోకాలు, అందులోనూ బయటి వైపు అని మీరు రాయడం వల్ల మరొక కారణం కూడా తోస్తున్నది. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించాలని రోడ్డుకు కుడి పక్కన నడవడం సరైన పద్ధతే. కానీ వాన నీరు జారిపోవడానికి తారు రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కనుక, రోజుల తరబడి మీ కుడి పాదం ఎడమ పాదం కంటే కాస్త పల్లంలో పడుతూనే ఉంటుంది. తొడకు బయటి వైపున తుంటి నుంచి మోకాలి కింది దాకా పట్టీ వంటి గట్టి పొర ఒకటి దిగుతుంది. ఒకే తీరు వాలు మీద వేల అడుగులు వేసినప్పుడు మోకాలి దగ్గర ఆ పట్టీ ఒరిపిడికి గురై మంట పుడుతుంది. దీనికి మందు కంటే దారి మార్చడం మేలు: కుడి పక్కనే ఉంటూ, వీలున్న చోటల్లా తారు దిగి, సమంగా ఉన్న మట్టి బాట మీద నడవండి.

ఇక ఆత్మకూరు తర్వాతి దారి సంగతి. దానిని మీరు చూడలేదు కనుక కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రణాళిక అంతా అక్కడి నుంచి వెనక్కి వేసుకోవలసినదే. ఆత్మకూరుకు దగ్గరలోని వెంకటాపురం దగ్గర నల్లమలలో ప్రవేశిస్తే, వీరభద్రస్వామి గుడి ఉన్న నాగలూటి, పెచ్చెర్వు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరుతాము. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. అంకె చూసి మోసపోకండి. గుత్తి నుంచి ఆత్మకూరు దాకా మీ కాళ్లు చదునైన నేల మీద ఒకే తీరు అడుగుకు అలవాటుపడి ఉంటాయి. ఇక్కడ రాళ్లు, వేళ్లు, ఎక్కుడు, దిగుడు. వీటన్నిటిలో కఠినమైనది భీమునికొలను లోయ. అందరూ లోయ నుంచి కైలాసద్వారానికి ఎక్కే మెట్లను తలచుకొని భయపడతారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. మోకాలిని దెబ్బతీసేది మాత్రం అంతకు ముందు వచ్చే దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి ఉంటుంది. ఆ పని అన్ని రోజుల తారు నడకలో దానికి దాదాపు పడనే పడదు. కనుక అక్కడ చిన్న అడుగులు వేస్తూ, మోకాలిని కొద్దిగా వంచి ఉంచి, చేతికర్ర మీద కొంత భారం మోపుతూ దిగండి. ఇంటి దగ్గర ఉండగానే గుత్తి కోట కొండను వారానికి మూడుసార్లు ఎక్కి దిగితే, అందులోనూ దిగడం మీద శ్రద్ధ పెడితే, అంతకు మించిన సాధన లేదు. కోట ఊళ్లోనే ఉన్నవారు ఆ మాత్రం లాభం పొందకపోతే ఎలా?

అందుచేత నా సలహా ఇది. కర్నూలు నుంచి ఆత్మకూరుకు రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పెట్టుకోండి. ఆత్మకూరులో ఒక పూర్తి రోజు ఊరికే ఉండండి. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడానికి, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడానికి సరిపోతుంది. దిగుడులో వేళ్లు చెప్పు ముందు భాగానికి తగిలి గోళ్లు నల్లబడతాయి కనుక రెండో పనిని చిన్నదిగా చూడకండి. తరువాత అడవిని రెండు పగళ్లలో దాటండి. పెచ్చెర్వు దగ్గర రాత్రి ఆగితే, భీమునికొలను దిగుడు మరునాడు చల్లని పూట, తాజా కాళ్లతో పడుతుంది. సెలవులు చాలకపోతే గుత్తిలో మూడు రోజులు ముందుగా బయలుదేరండి, లేదా కర్నూలు దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి నడవండి. ఎక్కడైనా కోత పెట్టండి గాని ఆత్మకూరు విశ్రాంతికి మాత్రం పెట్టకండి.

గుడారాల విషయంలో జవాబు సూటిగానే ఉంది: మీకు నచ్చిన చోట వేసుకోకూడదు. ఈ దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖ కొన్ని రోజుల పాటు మాత్రమే యాత్రికులను అనుమతిస్తుంది. తేదీలు ప్రతి సంవత్సరం ప్రకటిస్తారు కనుక బయలుదేరే ముందు ఆత్మకూరు అటవీ డివిజన్ కార్యాలయంలో విచారించండి. (పాత అలవాటుగా మనం కర్నూలు జిల్లా అంటాము గాని, 2022 ఏప్రిల్ నుంచి ఆత్మకూరు, శ్రీశైలం రెండూ నంద్యాల జిల్లాలోనివి.) నీరు, అన్నదానం, వైద్య శిబిరం ఏర్పాటు చేసి యాత్రికులు గుమిగూడే చోట్ల మాత్రమే, అక్కడి సిబ్బంది చూపిన జాగాలో పడుకోవాలి. పొయ్యి వెలిగించరాదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా శివరాత్రి నాటికి నల్లమలలో ఎండుటాకు మోకాలి లోతున పడి ఉంటుంది. ప్లాస్టిక్ తీసుకుపోకండి. చీకట్లో నడవకండి.

మీ గుడారానికి అడుగు గుడ్డ, జిప్పు ఉంటే ఆ ఒక్కటి మాత్రం తప్పక వెంట ఉంచుకోండి. కట్లపాము రాత్రి పూట, నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. కాటు నొప్పి తెలియక చాలామంది నిద్రలోనే ప్రమాదంలో పడతారు. గుడారం ఉన్నది దానికోసమే అనుకోండి. తెల్లవారి చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోవాలి. ఎర్ర తేలుకు అవి మంచి ఇల్లు.

సామాను వదిలేయమన్నవారి మాటలో సగమే నిజం ఉంది. పొయ్యి, గిన్నెలు, అదనపు దుప్పట్లు, మాసిన బట్టలు ఆత్మకూరు నుంచి బస్సులో శ్రీశైలానికి పంపించండి. అడవిలో వాటితో పని లేదు. కానీ నీళ్ల సీసాలు, టార్చి, ఉప్పు-చక్కెర పొట్లాలు, బొబ్బలకు కట్టే గుడ్డ, రెండో జత చెప్పులు మాత్రం వీపు మీదనే ఉండాలి. నేను చాలా ఏళ్ల కిందట మొదటిసారి ఆ దారిన వెళ్లినప్పుడు, అర కిలో బరువు మిగులుతుందని రెండో జతను ఆత్మకూరులోనే ఎవరికో ఇచ్చేశాను. భీమునికొలను దిగుడు సగంలో చెప్పు వారు తెగింది. తువ్వాలు చించి పాదానికి చుట్టుకొని కైలాసద్వారం ఎక్కిన ఆ రెండు గంటల్లో, నేను పుణ్యం కంటే చెప్పుల గురించే ఎక్కువగా తలచుకున్నాను.

ఇక అగ్గిపెట్టె గొడవ. దానికి మీరు సిగ్గుపడవలసిన పని లేదు. అది చాలా వరకు ఉప్పు, నీరు, నిద్ర తక్కువైన మనిషి మాట్లాడే మాట. రోజుకు 35 కిలోమీటర్లు ఎండలో నడిచిన ఒంటికి ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే పక్కవాడి దగ్గు కూడా భరించలేము. ఆకలి కోసం ఎదురుచూడకుండా, గంటకొకసారి చెనిక్కాయల ఉండో గుప్పెడు బొరుగులో నోట్లో వేసుకోండి. ఉగాదికి నడిచి వచ్చే కన్నడ భక్తులు ఎండు జొన్నరొట్టెలు మూటగట్టుకొని తేవడం మీరు చూసే ఉంటారు. వారి నుంచి మనం నేర్చుకోవలసినది అది. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలన్నీ సమంగా కొలిచి కలిపి, రోజంతా కొద్దికొద్దిగా తాగండి. మజిలీ చేరగానే ఎవరి పని వారికి ముందే పంచి పెట్టుకుంటే సగం తగాదాలు పుట్టవు. చివరి రెండు రోజులూ అగ్గిపెట్టె ఎలాగూ ఉండదు కదా!

ఒకవేళ కాలి ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపగలిగేంత నొప్పి ఉన్నా, బొబ్బ చుట్టూ ఎరుపు పాకుతూ జ్వరం వచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, నడక ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అప్పుడు దోర్నాల బస్సే సరైన దారి.

ప్రశ్న: మా ఇల్లు నందికొట్కూరు దగ్గర రోడ్డు మీదనే ఉంది. శివరాత్రికి, ఉగాదికి నడిచిపోయేవారు మా కళ్లంలో రాత్రి ఆగుతారు. మేము పులిహోర, మిరపకాయ బజ్జీలు పెడుతున్నాము గాని చాలామంది తినకుండానే పడుకుంటున్నారు. వారికి నిజంగా ఏమి ఉపయోగపడుతుంది?
— ఒక గృహిణి, నందికొట్కూరు

సమాధానం: అమ్మా, బజ్జీలు మానేసి పలుచని మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వండి. అన్నం, పప్పుచారు చాలు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, రాళ్లు ఏరి ఊడ్చిన నేల, రాత్రంతా వెలిగే ఒక దీపం ఉంటే అంతకంటే ఎవరూ అడగరు. బొబ్బ మీది చర్మాన్ని ఎవరైనా పీకేస్తుంటే వద్దని చెప్పండి. ఆ చర్మమే దానికి కట్టు.

మరొకటి ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. ముందు ఊరు ఎంత దూరమని వారు అడిగితే, మన వైపు వాడుకగా "అదిగో, ఆ కనపడేదే" అని చెప్పకండి. ధైర్యం చెబుతున్నామని మనం అనుకుంటాము గాని, రెండు కిలోమీటర్లే అనుకొని నీళ్లు నింపుకోకుండా లేచినవాడు ఎనిమిది కిలోమీటర్లు ఎండలో నడవవలసి వస్తుంది. మీ కళ్లం గోడ మీద ఆత్మకూరు ఎన్ని కిలోమీటర్లో, దారిలో మంచినీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయో, తెలుగులోనూ కన్నడలోనూ సున్నంతో రాయించండి.