‘స్మెల్’కు ఎందరు చుట్టాలు?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లిష్ వ్యాసంలో ‘మల్లెపూల ఓడర్’ అని రాస్తే టీచరుగారు కొట్టేసి ‘ఫ్రాగ్రెన్స్’ అని దిద్దారు. నిఘంటువులో స్మెల్, ఓడర్, సెంట్, అరోమా, ఫ్రాగ్రెన్స్, స్టెంచ్ అన్నిటికీ ‘వాసన’ అనే ఉంది. మరి తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టీచరుగారు దిద్దింది సబబే. ‘ఓడర్’ సైన్సు పుస్తకాల మాట. నీటికి రంగూ రుచీ వాసనా లేవని చెప్పేటప్పుడో, లీకైతే తెలియడానికి వంటగ్యాసులో కలిపే ఘాటైన రసాయనం గురించి రాసేటప్పుడో అది ఇముడుతుంది. మామూలు మాటల్లో మాత్రం చెమట వైపు, మురుగు వైపు మొగ్గుతుంది కనుక మల్లెలకు నప్పదు.

‘స్మెల్’ మంచికీ చెడుకీ చెల్లుతుంది. అయితే ఎలాంటి వాసనో చెప్పకుండా ‘ఇట్ స్మెల్స్’ అని ఊరుకుంటే కంపు కొడుతోందనే అర్థం. మనమూ అంతే కదా, ‘ఈ పప్పు వాసనొస్తోంది’ అన్నాక ఆ గిన్నె ఎవరూ ముట్టరు.

గ్రీకులో సుగంధద్రవ్యమని అర్థమున్న ‘అరోమా’ కాఫీకి, మసాలాకు, వంటింటి ఘుమఘుమలకు తగిన మాట. పూలకు, సబ్బులకు ‘ఫ్రాగ్రెన్స్’. ‘సెంట్’ అంటే మనకు సీసాలోని సెంటే గుర్తొస్తుంది గానీ, గాలిలో తేలివచ్చే సన్నని వాసననూ, వేటకుక్క పట్టుకునే జంతువు జాడనూ ఇంగ్లిష్‌లో అలాగే అంటారు. మన ‘పసిగట్టడం’లోని ‘పసి’ సరిగ్గా ఇదే.

అన్నిటికన్నా చిత్రమైన కథ ‘స్టెంచ్’ది. నేడు కుళ్లు కంపుకే వాడే ఈ మాటకు వెయ్యేళ్ల నాటి ఇంగ్లిష్‌లో ఉత్త ‘వాసన’ అనే అర్థం, పూలదైనా సరే. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాతి శతాబ్దాల్లో ఓడర్, సెంట్ వంటివి ఫ్రెంచి నుంచి వచ్చి చేరాయి. పాతమాటకు చివరికి దుర్వాసన ఒక్కటే మిగిలింది. మన ‘కంపు’కూ ఇదే గతి పట్టింది. పాత తెలుగులో దానికి పరిమళమనే అర్థమూ ఉండేది. కన్నడంలో ఇప్పటికీ అదే అర్థం. కాబట్టి ఏ కన్నడిగుడైనా మీ పెరటి మల్లెలను చూసి ‘కంపు’ అంటే, అది పొగడ్తే.